తరగతిలో బొమ్మ ఆడించే ముందు

వేసవిలో ఎండలు ఎందుకు మండిపోతాయి? కింది పేరా చదివే ముందు ఒక్క నిమిషం ఆగి, మీ జవాబేమిటో మనసులో అనుకోండి. వీలైతే ఓ చిత్తుకాగితం మీద రాసి పెట్టుకోండి. ఎవరికీ చూపించనక్కర్లేదు.

అనుకున్నారా? "వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కాబట్టి" అని రాసుంటే దిగులు పడకండి, మీకు చాలా గొప్పవాళ్ళే తోడున్నారు. 1987లో 'ఎ ప్రైవేట్ యూనివర్స్' అని ఒక చిన్న డాక్యుమెంటరీ తీశారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పట్టాల పండగ రోజున నల్లగౌన్లు వేసుకున్న విద్యార్థులనీ, పూర్వవిద్యార్థులనీ, అధ్యాపకులనీ ఆపి, ఋతువులు ఎలా వస్తాయనో, చంద్రుడు ఎందుకు పెరిగి తరుగుతాడనో అడిగారు. 23 మందిలో 21 మంది తప్పు చెప్పారు. వాళ్ళు 'తెలియదు' అనలేదు, అదీ విశేషం. చేతులు గుండ్రంగా తిప్పుతూ, చాలా ధీమాగా చెప్పారు.

నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులై మొదట్లో ఆ దూరం 15.2 కోట్ల కిలోమీటర్లు. అంటే మేముండే చాండ్లర్‌లో కారు స్టీరింగు ముట్టుకుంటే అరచెయ్యి కాలే రోజుల్లో సూర్యుడు మాకు ఇంకో 50 లక్షల కిలోమీటర్లు ఎడంగా ఉంటాడన్నమాట. 2023లో పక్కనున్న ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే మన లెక్కలో 43 డిగ్రీలకి, తగ్గలేదు. జూన్ 30 నుంచి జులై 30 దాకా. ఆ ఏడాది భూమి సూర్యుడికి అన్నిటికన్నా దూరంగా వెళ్ళింది కూడా ఆ మధ్యలోనే.

సాంకేతిక శీర్షికలో ఈ ఋతువుల గొడవేమిటని మీరు అడగొచ్చు. ఈసారి చెప్పబోయేది బడిలో పాఠాలకు వీడియోలు వాడడం గురించి. ఎండల ప్రశ్న లేకుండా ఆ సంగతి చెప్పడం కష్టం, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మిడిల్ స్కూలంటే మన ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. చాండ్లర్‌లో పేర్ల దగ్గర కొంచెం తికమక ఉంది. చాండ్లర్ యూనిఫైడ్ డిస్ట్రిక్టులో ఏడు, ఎనిమిది తరగతుల బడిని ఎక్కువగా 'జూనియర్ హై' అంటూ వచ్చారు. ఊరికి పడమటి వైపు కొంత భాగం కైరీన్ డిస్ట్రిక్టు కిందకి వస్తుంది, అక్కడ ఆరు నుంచి ఎనిమిది దాకా 'మిడిల్ స్కూలు'. పేరేదైనా పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు. చిన్నపిల్లల్లా చెప్పింది నమ్మరు, పెద్దపిల్లల్లా వాదించడం రాదు. వీళ్ళ తరగతిలో ఓ యాభై నిమిషాలు నిలబడితే తెలుస్తుంది, మా ఆఫీసులో క్లయింటు మీటింగులు ఎంత సుఖమో.

మా అమ్మాయి ఆరో తరగతి. వాళ్ళ సైన్సు క్లాసుకి నేను అప్పుడప్పుడూ సాయానికి వెళ్తుంటాను. ఇక్కడ తలిదండ్రులు అలా వెళ్ళడం మామూలే. ముందుగా పేరు నమోదు చేసుకుని, బడి ఆఫీసులో సంతకం పెట్టి, చొక్కాకి స్టిక్కరు అంటించుకుంటే లోపలికి రానిస్తారు. నా పని ఏమంత గొప్పది కాదు; కాగితాలు పంచడం, తీగలు విప్పడం, ప్రొజెక్టరు మొరాయిస్తే చూడడం. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాడికి ప్రొజెక్టరు బాగుచెయ్యడం వచ్చి తీరుతుందని టీచర్ల నమ్మకం.

ఆ రోజు పాఠం ఋతువులు. టీచరుగారు ముందు నేను మిమ్మల్ని అడిగిన ప్రశ్నే పిల్లల్ని అడిగి చేతులెత్తించారు. సగం పైన చేతులు 'సూర్యుడు దగ్గర' అన్నదానికే లేచాయి. తర్వాత ఏడు నిమిషాల వీడియో ఒకటి ఆడించారు. చాలా బావుంది. నీలంగా మెరిసే భూమి ఒక పక్కకి ఒరిగి తిరుగుతుంటే, హాయైన గొంతు ఒకటి అంతా విడమరచి చెప్పింది. "అర్థమైందా?" అంటే గదిలో బొటనవేళ్ళన్నీ పైకి లేచాయి. అప్పుడావిడ ఏమీ అనకుండా తలా ఒక చిన్న కాగితం ఇప్పించి, వేసవి ఎందుకొస్తుందో రెండు వాక్యాల్లో రాయమన్నారు.

ఆ కాగితాలు పోగుచేసింది నేనే కాబట్టి చదివాను. మెజారిటీ జవాబు ఇది: "భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉంది. వంగినప్పుడు మన వైపు సూర్యుడికి దగ్గరగా వస్తుంది. అందుకే వేసవి."

చూశారా! వీడియోలోని కొత్త మాట లోపలికి వెళ్ళింది, పాత అభిప్రాయం పక్కన సర్దుకుని కూర్చుంది. పాతదాన్ని కదిలించనే లేదు. భూమి వ్యాసమే 12,742 కిలోమీటర్లు. వంగడం వల్ల ఒక పక్క ఎంత ముందుకొచ్చినా ఏ కొద్ది వేల కిలోమీటర్లో. 15 కోట్లలో అదెంత? కానీ పిల్లలకి ఆ లెక్క ఎవరూ వేసి చూపలేదు, వీడియో కూడా వెయ్యలేదు. వీడియోలో భూమి బంతి, సూర్యుడి బంతి జానెడు దూరంలో ఉన్నాయి మరి. ఆ బొమ్మ చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. "ఏటా ఇంతే," అన్నారు టీచరుగారు నవ్వుతూ. "ఈ కాగితాల కోసమే వీడియో ముందు వేస్తాను."

ఇది ఒక గదిలో జరిగిన ముచ్చట, దీన్ని పట్టుకుని సిద్ధాంతాలు చెయ్యకూడదు. అయితే సిద్ధాంతం చేసినవాళ్ళూ ఉన్నారు. యూట్యూబులో 'వెరిటాసియం' అనే సైన్సు చానెల్ మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని నడిపే డెరెక్ మల్లర్ 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసింది అచ్చంగా ఈ విషయం మీదే, భౌతికశాస్త్రానికి వీడియోలు ఎలా తీస్తే పనికొస్తాయని. మొదటి సంవత్సరం విద్యార్థులకి న్యూటన్ సూత్రాల మీద కొందరికి సూటిగా, శుభ్రంగా వివరించే వీడియో చూపించాడు. మరికొందరికి చూపించిన వీడియోలో ఇద్దరు మాట్లాడుకుంటారు. ఒకడు అందరం చేసే పొరపాట్లే చేస్తాడు, రెండోవాడు వాటిని ఒక్కొక్కటిగా విప్పుతాడు. చూడకముందూ చూశాకా ఒకే పరీక్ష.

శుభ్రమైన వీడియో చూసినవాళ్ళు "చాలా స్పష్టంగా ఉంది, తేలిగ్గా అర్థమైంది" అన్నారు. వాళ్ళ సగటు మార్కులు 26కి 6 నుంచి 6.3కి పెరిగాయి. అంటే పెరగలేదనే. రెండో రకం చూసినవాళ్ళు "గందరగోళంగా ఉంది" అని సణిగారు. వాళ్ళ సగటు 6 నుంచి ఇంచుమించు 11కి వెళ్ళింది.

ఈ అంకెలు నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను బతుకుతున్నదే "యూజరుకి సుఖంగా ఉండాలి" అనే రంగంలో. తెర మీద ఎక్కడా తడబాటు రాకుండా చెయ్యడానికి క్లయింట్లు మాకు డబ్బిస్తారు. పాఠం దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది. తనకి తెలిసిందే తెరమీద ఉందనుకుంటే పిల్లవాడు పైపైన చూసి తలాడిస్తాడు. తను అనుకున్నది తప్పని తెరమీద ఎవడో నిరూపిస్తుంటే మాత్రం కుర్చీలో కాస్త ముందుకు జరుగుతాడు. అయితే తను ఏమనుకుంటున్నాడో ముందు తనకి తెలియాలి కదా? మొదట్లో మిమ్మల్ని చిత్తుకాగితం మీద రాయమన్నది అందుకే.

ఈ సంగతి మీద ఎక్కువ పని చేసినవాళ్ళు కొందరు మాకు పొరుగునే, టెంపేలోని ఆరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఉండడం ఒక చిన్న ఆనందం. మిషెలిన్ చి అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, రూత్ వైలీ కలిసి 2014లో ఒక నాలుగు మెట్ల లెక్క చెప్పారు. కింది మెట్టు ఊరికే చూడడం, వినడం. రెండో మెట్టు చెయ్యి కదలడం, అంటే గీత గీయడం, ఆపి మళ్ళీ చూడడం లాంటివి. మూడోది చూసినదాన్నుంచి తన మాటల్లో కొత్తగా ఏదైనా తయారుచెయ్యడం. పై మెట్టు, పక్కవాడితో వాదించి ఇద్దరూ కలిసి తయారుచెయ్యడం. మెట్టు ఎక్కిన కొద్దీ చదువు గట్టిపడుతుందని వాళ్ళ వాదన. చి గారు ఆరిజోనాకి రాకముందు పిట్స్‌బర్గ్‌లో చేసి 2008లో ప్రచురించిన ప్రయోగం ఇంకా తమాషాగా ఉంటుంది. ఒక ట్యూటరు ఒక విద్యార్థికి పాఠం చెబుతుండగా వీడియో తీసి, దాన్ని మరికొందరికి చూపించారు. జంటలుగా కూర్చుని మాట్లాడుకుంటూ చూసినవాళ్ళు, స్వయంగా ట్యూటరు దగ్గర కూర్చున్నవాళ్ళతో సమానంగా నేర్చుకున్నారు. తరవాత 2017లో ఆవిడ బృందం ఇంకో మాట తేల్చింది: మాస్టారు ఒక్కరే మాట్లాడే వీడియో కన్నా, మాస్టారూ విద్యార్థీ మాట్లాడుకునే వీడియో చూసినవాళ్ళకే ఎక్కువ వస్తుంది. సిడ్నీ కథా టెంపే కథా ఒకచోటికే చేరాయి.

అదే విశ్వవిద్యాలయంలో డేవిడ్ హెస్టెనీస్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు, మాల్కం వెల్స్ అనే హైస్కూలు మాస్టారూ 1980లలో మొదలుపెట్టిన బోధనా పద్ధతి ఒకటుంది. దాని సిద్ధాంతం జోలికి పోను గానీ, అందులో వాడే పనిముట్టు మాత్రం మీకు చెప్పాలి. పలక! అవునండీ, మన పలకే, కాస్త పెద్దది. ఇళ్ళల్లో షవరు గోడలకి వేసే తెల్లటి నున్నని బోర్డు నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున హార్డ్‌వేరు దుకాణాల్లో దొరుకుతుంది. దాన్ని 24 అంగుళాలు 32 అంగుళాల లెక్కన కోయిస్తే సరిగ్గా ఆరు పలకలొస్తాయి, వృథా ఏమీ పోదు. ముగ్గురు పిల్లలకో పలక, ఓ మార్కరు, తుడవడానికి పాత సాక్సు. వాళ్ళు గీసింది అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుని, పక్క జట్టు అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఇంతే పద్ధతి. చి గారి పై మెట్టు ఇదే కదా! ఒక ఏడాది వీడియోల చందా కంటే దీనికి తక్కువే ఖర్చవుతుంది.

మళ్ళీ మా అమ్మాయి తరగతికి వద్దాం. రెండో రోజు వీడియో లేదు. ముగ్గురేసి పిల్లలకి ఒక టార్చి, ఒక గ్రాఫు కాగితం ఇచ్చారు. టార్చిని కాగితానికి నిటారుగా పట్టుకుంటే గుండ్రటి వెలుగు పడుతుంది. ఎన్ని గడుల మీద పడిందో లెక్కపెట్టాలి. అదే ఎత్తులో ఏటవాలుగా వంచితే వెలుగు సాగి కోడిగుడ్డు ఆకారంలో పరుచుకుంటుంది. మళ్ళీ గడులు లెక్కపెట్టాలి. టార్చి అదే, బ్యాటరీ అదే, వెలుగు మాత్రం ఎక్కువ గడులకి పంచబడి పల్చనైపోయింది. చాండ్లర్‌లో జూన్ 21న మధ్యాహ్నం సూర్యుడు క్షితిజం నుంచి 80 డిగ్రీల ఎత్తున, దాదాపు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు 21న 33 డిగ్రీలే. అంతే నేల మీద డిసెంబరు మిట్టమధ్యాహ్నం పడే ఎండ, జూన్‌లో పడేదానిలో ఇంచుమించు 55 శాతం. దానికి తోడు జూన్ పగలు 14 గంటల 20 నిమిషాలు, డిసెంబరు పగలు పది గంటలకి కాస్త తక్కువ. కాసే ఎండ చిక్కన, కాసే సేపూ ఎక్కువ. వేసవి అంటే అదే.

గడులు లెక్కపెట్టాక కూడా ఒక కుర్రాడు ఒప్పుకోలేదు. "అయినా దగ్గరకి వస్తే వేడెక్కుతుంది కదా?" అన్నాడు. ఎంత మంచి ప్రశ్నో! నేను మధ్యలో దూరి, "మీలో క్రికెట్ చూసేవాళ్ళెవరు?" అన్నాను. మన పిల్లలు నలుగురైదుగురు చేతులెత్తారు. మెల్‌బోర్న్‌లో బాక్సింగ్ డే టెస్టు ఎప్పుడు? డిసెంబరు 26న. ఆటగాళ్ళు తలకి టోపీలు, ముక్కుకి తెల్లటి పూత ఎందుకు? ఎండ. భూమి మొత్తం సూర్యుడికి దగ్గరైతే అందరికీ ఒకేసారి వేసవి రావాలి కదా, మెల్‌బోర్న్‌కి డిసెంబరులోనూ మనకి జూన్‌లోనూ ఎందుకొస్తోంది? జట్లలో గొడవ మొదలైంది. ఆ గొడవ కోసమే పలకలు.

మూడో రోజు మళ్ళీ అదే ఏడు నిమిషాల వీడియో వేశారు, కానీ గొంతు ఆపేసి. బొమ్మ నడుస్తుంటే ఒక్కో జట్టూ ఒక్కో ముక్కకి వ్యాఖ్యానం చెప్పాలి. మన పాతకాలపు మూకీ సినిమాలకి హాల్లో ఒకాయన నిలబడి కథ చెప్పేవాడట, అలాగ. ఒక పిల్ల బొమ్మని ఆపించి, "ఇక్కడ సూర్యుణ్ణి మరీ దగ్గర గీశారు, ఇది తప్పు" అంది. మొదటి రోజు అందరూ బొటనవేళ్ళెత్తిన వీడియోయే అది.

వీడియో చెడ్డదని నేనడం లేదు. మా అమ్మాయి పుస్తకంలో రాతిపొరల గురించి రెండు పేజీలుంది. గ్రాండ్ కాన్యన్ మాకు కారులో నాలుగు గంటల దూరమైనా, నది కొండని కోసే తీరు పైనుంచి చూపించాలంటే వీడియోయే దిక్కు. గుండె కొట్టుకోవడం, అగ్నిపర్వతం పొంగడం, గొంగళి సీతాకోకచిలుక కావడం, వీటిని నల్లబల్ల మీద ఎన్ని బొమ్మలు గీస్తే చూపగలం? 1993 నుంచి 1998 దాకా నూరు భాగాలు వచ్చిన 'బిల్ నై ద సైన్స్ గై' చూసి సైన్సు మీద ఇష్టం పెంచుకున్నవాళ్ళు మా ఆఫీసులోనే ఉన్నారు. సాల్ ఖాన్ 2004లో దూరాన ఉన్న చుట్టాలమ్మాయికి లెక్కలు చెప్పడంతో మొదలై, 2006లో యూట్యూబుకెక్కి, 2008లో సంస్థగా మారిన ఖాన్ అకాడమీ ఎంతమంది పిల్లల్ని పరీక్ష గట్టెక్కించిందో లెక్కలేదు. తను వెనకబడిన చోట ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పి చూసుకునే సదుపాయం ఏ మాస్టారూ ఇవ్వలేడు.

గొడవంతా వీడియో వచ్చి ఎవరి కుర్చీలో కూర్చుంటోందన్న దగ్గరే. ఆరిజోనాలో టీచర్ల కొరత ఏళ్ళతరబడి ఉన్నదే. 2018 ఏప్రిల్ ఆఖర్లో రాష్ట్రమంతటా టీచర్లు ఎర్రచొక్కాలు వేసుకుని, బడులు మూసి, జీతాలకీ బడుల ఖర్చుకీ నిధులు పెంచమని వారం రోజులు రాజధాని ముందు నిలబడ్డారు. టీచరు లేని రోజు ఆ పాఠం తెలియని తాత్కాలిక టీచరు వస్తారు. వారికున్న ఒకే ఆధారం వీడియో. ఆ పీరియడులో ఆడే వీడియోకీ, మా అమ్మాయి టీచరుగారు గొంతు ఆపి ఆడించిన వీడియోకీ ఫైలు ఒక్కటే కావచ్చు. కొనేవాళ్ళకి రెండూ ఒకే ధర. పిల్లవాడికి మాత్రం రెండూ ఒకటి కావు. మా ఊళ్ళో తెలుగు తలిదండ్రులు కలిసినప్పుడు ఏ వెబ్‌సైటు చందా కట్టాలన్నదే చర్చ. బడిలో వీడియో ముందేం చేస్తున్నారు, తరవాతేం చేస్తున్నారు అని అడిగినవాళ్ళు నాకు తగల్లేదు.

ఈ ఆశ కొత్తదేమీ కాదు. 1913లోనే థామస్ ఎడిసన్, సినిమా వచ్చింది కాబట్టి బడుల్లో ఇక పుస్తకాలు మూలపడతాయనీ, పదేళ్ళలో చదువు తీరే మారిపోతుందనీ జోస్యం చెప్పాడు. మన దగ్గరా జరిగింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తీసుకుని, ఇస్రో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ పాఠాలు పంపింది. ఆ ఆరింట్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ప్రసారమైన భాషల్లో తెలుగు ఒకటి. కరెంటే అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో, బడి ముందు వల లాంటి గొడుగు యాంటెన్నా పెట్టి, పొద్దున్నే పిల్లల కార్యక్రమాలు. 'సైట్' అని పిలిచిన ఆ ప్రయోగం గురించి చెప్పేటప్పుడు అందరూ ఉపగ్రహం దగ్గరే ఆగిపోతారు. నాకు దానికన్నా గొప్పగా తోచేది వేరే ఉంది. అదే ఏడాదిలో, సెలవుల్లో, పన్నెండేసి రోజుల చొప్పున రెండు విడతలుగా దాదాపు 50 వేలమంది ప్రాథమిక పాఠశాల టీచర్లకి సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. టీవీలో పాఠం, రేడియోలో చర్చ, చేతిలో అచ్చు పుస్తకం, బల్ల మీద చేసి చూసే ప్రయోగాలు, అన్నీ కలిపి. టీవీ ఒక్కటే సరిపోదని యాభై ఏళ్ళ క్రితమే మనవాళ్ళకి తెలుసన్నమాట.

ఆ తెలివి తరవాత ఎటుపోయిందో గానీ, 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచినప్పుడు వార్తలన్నీ ట్యాబు గురించే, అందులో ముందే ఎక్కించిన బైజూస్ వీడియోల గురించే. ఆ కంపెనీ 2024లో దివాలా విచారణకెక్కింది. ఉచితంగా పంచడం తప్పని నేననను. 2020లో బడులు మూతపడ్డప్పుడు సప్తగిరి, యాదగిరి చానెళ్ళలో పాఠాలు రాకపోతే ఫోన్లు లేని ఇళ్ళల్లో పిల్లల గతేమిటి? అయితే అదే చిత్తూరు వైపు కుప్పం దగ్గర 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ వాళ్ళు వ్యాన్లలో ప్రయోగాల సామాను వేసుకుని పల్లె బడులకి తిరుగుతుంటే, ఆ వ్యాను ఫొటో మొదటి పేజీలో ఎప్పుడైనా చూశారా? పిల్లవాడి చేతికి టార్చి ఇస్తే ఫొటోలో అంత మెరవదు.

ఇక సాంకేతికం సంగతి. వీడియో పాఠాల సాఫ్ట్‌వేరు కొనేటప్పుడు అమ్మేవాళ్ళు ఒక డాష్‌బోర్డు చూపిస్తారు. ఫలానా పిల్ల 100 శాతం చూసింది, ఫలానా పిల్లాడు 62 శాతం. ఇలాంటి డాష్‌బోర్డులు కట్టడం నా వృత్తి కాబట్టి, ఆ 100 ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. బ్రౌజరు కొన్ని సెకన్లకోసారి "ఇక్కడిదాకా ఆడింది" అని సర్వరుకి కబురు పంపుతుంది. అంతే. తెర ముందు పిల్ల ఉందో, పిల్లి ఉందో ఆ కబురులో ఉండదు. ఆ పక్క ట్యాబులో ఆట నడుస్తోందేమో కూడా తెలియదు. 2014లో ఎడ్ఎక్స్ పాఠాల మీద 69 లక్షల వీక్షణల్ని లెక్కగట్టి చూస్తే, వీడియో ఎంత పొడుగైనా మనుషులు నిలబడి చూసేది మధ్యస్థంగా ఆరు నిమిషాలకి మించలేదు. వాళ్ళు పెద్దవాళ్ళు, ఇష్టపడి చేరినవాళ్ళు. ఆరో తరగతి సంగతి మీరే ఊహించుకోండి.

మధ్యలో ఆపి ప్రశ్న అడిగే పనిముట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. 2013లో వచ్చిన ఎడ్‌పజిల్ అలాంటిదే. ఏ వీడియోలోనైనా మనకి కావలసిన చోట ప్రశ్న గుచ్చొచ్చు. టీచర్లు చాలామంది ప్రశ్నని ముక్క అయిపోయాక పెడతారు, విన్నాడో లేదో చూడడానికి. నేనైతే ముక్క మొదలవ్వకముందే పెట్టమంటాను. "ఇప్పుడేం జరుగుతుంది?" అని. ఇక ప్రయోగాలని తెరమీదే చేయించే సిమ్యులేషన్లు కావాలంటే, నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడోలో మొదలుపెట్టిన 'ఫెట్' ఉచితంగా దొరుకుతుంది. టీచర్లకి ఒక్క హెచ్చరిక: మీకు నచ్చిన పాత ఫ్లాష్ బొమ్మ ఏదైనా ఉంటే దాని మీద పాఠం కట్టుకోకండి. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కి నీళ్ళొదిలేసింది. ఎన్నో ఏళ్ళు పోగుచేసుకున్న బొమ్మలు ఒక్క రాత్రిలో తెల్లడబ్బాలైపోయాయి. కర్రా, టార్చీ, గ్రాఫు కాగితం అలా ఆగిపోవు.

కర్ర అన్నాను కాబట్టి ఆ సంగతీ చెప్పి ముగిస్తాను. ఋతువుల పాఠానికి కొనసాగింపుగా టీచరుగారు బడి ఆవరణలో ఒక మీటరు పొడుగు కర్ర నిలబెట్టించారు. తిన్నగా ఉందో లేదో చూసుకోడానికి దారానికి తాళంచెవి కట్టి వేలాడదీస్తే చాలు. నడిమధ్యాహ్నం దాని నీడ కొలవాలి. చాండ్లర్‌లో నడిమధ్యాహ్నం 12 గంటలకి కాదు, సుమారుగా 12:27కి. మిగతా దేశంలా ఆరిజోనాలో గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పరు కాబట్టి ఆ పూచీ ఒకటి తప్పింది. సెప్టెంబరు 22న నీడ 66 సెంటీమీటర్లు. క్రిస్మస్ సెలవుల ముందు మీటరున్నర. కర్ర కన్నా నీడ పొడుగైన రోజు పిల్లలు పరిగెత్తుకొచ్చి మళ్ళీ కొలిచారు, ఎక్కడో తప్పు జరిగిందని.

మే నెలలో నేనొక పురి ఎక్కించాను. మాది ఖమ్మం. అక్కడ మే 8, 9 తేదీల ప్రాంతంలో సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారు వస్తువుకి నీడే ఉండదు. మా నాన్నగారికి ఫోన్ చేసి చెబితే, ముందు "ఈ ఎండలో నన్ను డాబా మీదికెక్కమంటావుట్రా" అని విసుక్కున్నారు. మనవరాలు అడిగేసరికి సామాన్ల గదిలోంచి ఇనపఊచ తీసి, తాపీమేస్త్రి దగ్గర తూకపు గుండు అరువు తెచ్చారు. ఖమ్మంలో 12 గంటల 6 నిమిషాలంటే మాకు ముందురోజు రాత్రి 11:36. మా అమ్మాయి నిద్ర ఆపుకుని వీడియో కాల్‌లో కూర్చుంది. "నీడ ఏదే? లోపలికెళ్ళిపోయింది," అని నాన్నగారు ఫోను ఊచ చుట్టూ తిప్పి చూపించారు. మర్నాడు బడిలో అదే కర్రకి 29 సెంటీమీటర్ల నీడ కొలిచారు. కోణమానిని పెట్టి చూస్తే 16 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల లెక్కన, ఖమ్మం కన్నా చాండ్లర్ 1,780 కిలోమీటర్లు ఉత్తరంగా ఉందని పిల్లలు పలకల మీద తేల్చారు. పటంలో చూసుకున్నారు, సరిపోయింది.

"మరి నీడ మాయమయ్యాక తర్వాతి రోజు ఎటు పడుతుంది?" అని ఒకరు అడిగారు. అటు దక్షిణం వైపని కొందరూ, మళ్ళీ ఉత్తరమే అని కొందరూ పందెం వేసుకున్నారు. టీచరుగారు జవాబు చెప్పలేదు. జూన్ 21న ఖమ్మంలో మీటరు ఊచకి 11 సెంటీమీటర్ల నీడ పడాలి. ఎటువైపో నాన్నగారు చూసి చెబుతానన్నారు. అప్పటికి ఇక్కడ బడికి సెలవులు, అక్కడ నైరుతి మబ్బులు. ఆ రోజు ఖమ్మంలో పది నిమిషాలు ఎండ కాస్తే చాలు.